పేరు వేరు, సొమ్ము వేరు: లిస్ప్ భాషలో చలరాశులు, సమాచార నిల్వ



ఒకప్పుడు జమాఖర్చులన్నీ ఎర్ర అట్ట పుస్తకాల్లో ఉండేవి. ఇప్పుడు చిన్న సంఘాల లెక్కలు కూడా కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. మీరు ఇచ్చే ప్రతి రూపాయీ ఆ యంత్రంలో ఒక పేరుకు ఎదురుగా ఒక అంకెగా నిలుస్తుంది. ఆ పేరుకూ ఆ అంకెకూ మధ్య సంబంధాన్ని యంత్రం ఎలా ఉంచుకుంటుంది? ఎప్పుడు మారుస్తుంది? ఎప్పుడు పోగొడుతుంది? లెక్క రాసేవారికే కాదు, లెక్క అడిగే హక్కు ఉన్నవారికి కూడా ఇది తెలిసి ఉండాలి. అందుకే ఈ పాఠం.

ఇందుకోసం లిస్ప్ అనే భాషను ఎంచుకున్నాం. ఇది పాత భాష. నేటి ఉద్యోగ ప్రకటనల్లో దీని పేరు అరుదుగా కనిపిస్తుంది. అయితే పేరు, వస్తువు, నిల్వ అనే మూడింటి తేడాను ఇంత విడమరిచి చూపే భాషలు తక్కువ. ఇక్కడ నేర్చుకున్నది ఏ భాషకు వెళ్లినా పనికొస్తుంది.

కొంచెం చరిత్ర

తెలియని రాశికి ఒక పేరు పెట్టి లెక్క నడిపించే పద్ధతి చాలా పాతది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అనే మాట నుంచే ఆల్‌జీబ్రా అనే పేరు వచ్చింది. ఆయన పేరు లాటిన్‌లో మారిన రూపం నుంచి ఆల్గారిథమ్ అనే మాట పుట్టింది. అరబ్బీ గణితజ్ఞులు తెలియని రాశిని ‘షై’ అనేవారు. వస్తువు అని దాని అర్థం. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవారికి ఈ మాట కొత్తది కాదు. నేటి కంప్యూటర్ చలరాశికి ఆ ‘షై’ పూర్వీకుడని చెప్పుకోవచ్చు. ఒక తేడా మాత్రం ఉంది. బీజగణితంలో పేరు వెనక దాగిన విలువను మనం కనిపెడతాం. కంప్యూటర్‌లో పేరుకు విలువను మనమే కడతాం, కావాలంటే విప్పి మరో విలువకు కడతాం.

లిస్ప్‌ను 1958లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో జాన్ మెకార్తీ ప్రారంభించారు. 1960లో ఆయన వ్యాసం అచ్చయింది. ఆయన సహచరుడు స్టీవ్ రస్సెల్ దాన్ని ఐబీఎం 704 యంత్రం మీద నడిచేలా చేశారు. తర్వాత ఈ భాష అనేక శాఖలుగా విడిపోయింది. ఆ శాఖలను దగ్గరకు తెచ్చిన కామన్ లిస్ప్‌కు 1994లో అమెరికా ప్రమాణ సంస్థ ఆమోదం లభించింది. ఈ పాఠంలోని ఉదాహరణలన్నీ కామన్ లిస్ప్‌వే. ఇళ్ల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఉన్న ఆటోలిస్ప్ కూడా ఈ కుటుంబానిదే.

మన ప్రాంతానికీ ఈ భాషతో ఒక అనుబంధం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ దగ్గరే పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందారు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు గురువుకు 1971లోనూ, శిష్యుడికి 1994లోనూ దక్కింది.

పాఠం మొదలుపెట్టే ముందు ఒక సూచన. ఈ సంచికలో ఆదేశాల పేర్లను కూడా తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాం. యంత్రం మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మనం పెట్టుకునే పేర్లను మాత్రం ఎస్‌బీసీఎల్ వంటి వ్యవస్థల్లో తెలుగులోనే రాయవచ్చు. బాణం గుర్తు తర్వాత ఉన్నది యంత్రం ఇచ్చే జవాబు. అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే.

మొదటి ప్రశ్న: పేరు పెట్టడానికి రెండు ఆదేశాలు ఎందుకు?

లిస్ప్‌లో ప్రతి మాటా కుండలీకరణంలో ఉంటుంది. ముందు చేయాల్సిన పని, ఆ తర్వాత దానికి కావలసిన సరుకు.

(డెఫ్‌వార్ *జమ* 0)
(డెఫ్‌పారామీటర్ *నెల-రుసుము* 500)

రెండూ పేరుకు విలువను కడతాయి. పేరుకు అటూ ఇటూ ఉన్న నక్షత్రాలు ఆచారం మాత్రమే. ‘ఇది ప్రోగ్రామ్ అంతటికీ తెలిసిన పేరు, చేయి వేసేముందు ఆలోచించు’ అని చదివేవారికి హెచ్చరిక.

మరి తేడా ఏమిటి? ప్రోగ్రామ్ ఫైలును మళ్లీ ఎక్కించినప్పుడు అది బయటపడుతుంది. డెఫ్‌పారామీటర్ ప్రతిసారీ కొత్తగా విలువ పెడుతుంది. డెఫ్‌వార్ అలా చేయదు. ఆ పేరుకు అప్పటికే విలువ ఉంటే దాన్ని ముట్టుకోదు.

ఉదయం నుంచి 40 రసీదులు ఎక్కించారనుకోండి. మధ్యాహ్నం ప్రోగ్రామ్‌లో చిన్న సవరణ చేసి ఫైలును మళ్లీ ఎక్కించారు. జమను డెఫ్‌పారామీటర్‌తో రాసి ఉంటే అది మళ్లీ సున్నా అవుతుంది. డెఫ్‌వార్‌తో రాసి ఉంటే ఉదయపు లెక్క అలాగే ఉంటుంది. కాబట్టి పోగైన సమాచారానికి డెఫ్‌వార్, మార్చి చూసుకునే నియమాలకు డెఫ్‌పారామీటర్ అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఉన్న పేరుకు విలువ మార్చాలంటే సెట్ఫ్ వాడతాం.

(సెట్ఫ్ *జమ* (+ *జమ* 1000)) → 1000

ముందుగా పరిచయం చేయని పేరుకు సెట్ఫ్‌తో నేరుగా విలువ పెట్టవద్దు. కొన్ని వ్యవస్థలు హెచ్చరించి ఊరుకుంటాయి. మీరు *జమ* బదులు పొరపాటున *జమా* అని కొడితే ఆ వెయ్యి రూపాయలు వేరే పేరు కింద చేరిపోతాయి. హెచ్చరికను చదవకుండా ముందుకు పోతే అసలు లెక్కలో అవి ఎప్పటికీ కనిపించవు.

రెండో ప్రశ్న: కాసేపటికి మాత్రమే కావలసిన పేర్ల మాటేమిటి?

ప్రతి చిన్న లెక్కకూ అందరికీ తెలిసిన పేరు అక్కరలేదు. లెట్ అనే ఆదేశం తన కుండలీకరణం ఉన్నంతవరకే పేర్లను బతికిస్తుంది.

(లెట్ ((గుంటూరు 5000) (కర్నూలు 3000))
  (+ గుంటూరు కర్నూలు)) → 8000

బయటి కుండలీకరణం ముగియగానే ఆ రెండు పేర్లూ ఉండవు. ఒక పేరు విలువను బట్టి రెండో పేరుకు విలువ కట్టాలంటే మామూలు లెట్ కుదరదు. అది అన్ని విలువలనూ ముందు లెక్కగట్టి, ఆ తర్వాతే పేర్లకు కడుతుంది. వరుసగా కట్టాలంటే చివర నక్షత్రం ఉన్న లెట్* వాడాలి.

(లెట్* ((మొత్తం 8000) (సగం (/ మొత్తం 2))) సగం) → 4000

డెఫ్‌వార్, డెఫ్‌పారామీటర్‌లతో పరిచయం చేసిన పేరును లెట్‌లో రాస్తే మరో సౌకర్యం ఉంది. ఆ కాసేపు, లోపల పిలిచిన పనులన్నిటికీ కొత్త విలువే కనిపిస్తుంది. పని ముగియగానే పాత విలువ దానంతటదే తిరిగి వస్తుంది. ఫైలు చదివేటప్పుడు దీన్ని వాడుకుంటాం.

మూడో ప్రశ్న: లిస్టు లోపల ఏముంటుంది?

లిస్ప్ అనే పేరే జాబితాల పని అనే అర్థం నుంచి వచ్చింది. జాబితాను యంత్రం రెండేసి అరలున్న గూళ్లుగా దాచుకుంటుంది. గూటి మొదటి అరలో ఒక వస్తువు ఉంటుంది. రెండో అరలో తర్వాతి గూడు ఎక్కడుందో ఆనవాలు ఉంటుంది. ఆఖరి గూటి రెండో అరలో ‘నిల్’ అని ఉంటుంది, అంటే ఇక ఏమీ లేదని. మొదటి అరను చూపే ఆదేశం కార్, రెండో అరను చూపేది కుడర్. ఐబీఎం 704 యంత్రంలోని భాగాల పేర్ల నుంచి వచ్చిన ఈ పొట్టి పేర్లు ఆ యంత్రం పోయినా నిలిచి ఉన్నాయి. ఇప్పుడు వాటి బదులు ఫస్ట్, రెస్ట్ అని కూడా రాయవచ్చు.

ఈ గూళ్ల సంగతి ఎందుకంటే, చలరాశి పేరు జాబితా మొత్తాన్ని తన దగ్గర పెట్టుకోదు. మొదటి గూటిని వేలితో చూపిస్తుంది, అంతే. కింది రెండు ప్రశ్నలకూ మూలం ఇదే.

నాలుగో ప్రశ్న: ఒక జాబితాను మారిస్తే రెండోది ఎందుకు మారింది?

కొత్తగా నేర్చుకునేవారిని అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఇదే.

(డెఫ్‌వార్ *పాతది* (లిస్ట్ "గుంటూరు" "కర్నూలు" "నెల్లూరు"))
(డెఫ్‌వార్ *కొత్తది* *పాతది*)
(సెట్ఫ్ (ఫస్ట్ *కొత్తది*) "ఒంగోలు")
*పాతది* → ("ఒంగోలు" "కర్నూలు" "నెల్లూరు")

పాత జాబితా భద్రంగా ఉంటుందనుకుని కొత్తదానిలో దిద్దాం. పాతదీ మారిపోయింది. కారణం, అక్కడ ఉన్నది ఒక్క జాబితానే. రెండు పేర్లూ ఒకే మొదటి గూటిని చూపిస్తున్నాయి. ఒకే ఇంటికి రెండు వీధుల నుంచి తలుపులు ఉన్నట్టు. ఏ తలుపులోంచి వెళ్లి సామాను మార్చినా ఇల్లు ఒకటే కదా!

అయితే దీని తర్వాత ఇలా రాసి చూడండి.

(పుష్ "కడప" *కొత్తది*)
*కొత్తది* → ("కడప" "ఒంగోలు" "కర్నూలు" "నెల్లూరు")
*పాతది* → ("ఒంగోలు" "కర్నూలు" "నెల్లూరు")

ఈసారి పాతది మారలేదు. పుష్ ఉన్న గూళ్లను ముట్టుకోదు. ముందు ఒక కొత్త గూడు చేర్చి, కొత్త పేరును దానివైపు తిప్పుతుంది. పాత పేరు చూపే చోటు మారలేదు. గూటి లోపలి సరుకును మార్చడం ఒకటి, పేరును మరో గూటివైపు తిప్పడం మరొకటి. ఈ తేడా పట్టుబడితే పాఠంలో సగం వచ్చినట్టే.

నిజంగా వేరే ప్రతి కావాలంటే కాపీ-లిస్ట్ వాడాలి. అది పై వరుస గూళ్లను మాత్రమే కొత్తగా చేస్తుంది. జాబితాలో మళ్లీ జాబితాలు ఉంటే, ఉదాహరణకు ("గుంటూరు" 5000) వంటి చిన్న జాబితాలు ఉంటే, లోపలివి ఇంకా ఉమ్మడిగానే ఉంటాయి. లోపలి గూళ్లను కూడా కొత్తగా చేయించాలంటే కాపీ-ట్రీ వాడాలి. ఆడిట్ కోసం మార్చి నెలాఖరు లెక్కను పక్కన పెట్టాలనుకుంటే కొత్త పేరు పెట్టి ఊరుకుంటే చాలదు, ప్రతి తీయాలి.

మరో జాగ్రత్త. ప్రోగ్రామ్‌లో కోట్ గుర్తు పెట్టి '(1 2 3) అని రాసిన జాబితా ప్రోగ్రామ్‌లోనే ఒక భాగం. దాన్ని దిద్దితే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. తర్వాత మార్చబోయే జాబితాను ఎప్పుడూ లిస్ట్ ఆదేశంతోనే తయారు చేయండి.

ఐదో ప్రశ్న: వరుసలో పెట్టమంటే అంకెలు ఎక్కడికి పోయాయి?

(డెఫ్‌వార్ *మొత్తాలు* (లిస్ట్ 500 100 300))
(సార్ట్ *మొత్తాలు* #'<) → (100 300 500)

జవాబు సరిగ్గానే వచ్చింది. ఇప్పుడు *మొత్తాలు* అని అడిగితే కొన్ని వ్యవస్థల్లో (500) ఒక్కటే కనిపించవచ్చు. 100, 300 ఏమయ్యాయి? సార్ట్ కొత్త జాబితా చేయదు. ఉన్న గూళ్లనే విడదీసి మళ్లీ గొలుసు కడుతుంది. మన పేరు ఇంకా పాత మొదటి గూటినే, అంటే 500 ఉన్నదాన్నే చూపిస్తోంది. అది ఇప్పుడు ఆఖరి గూడు. ముందున్నవి ఆ పేరుకు కనిపించవు.

పరిష్కారం ఒక్క వరుస.

(సెట్ఫ్ *మొత్తాలు* (సార్ట్ (కాపీ-లిస్ట్ *మొత్తాలు*) #'<))

ముందు ప్రతి తీయడం, దాన్ని వరుసలో పెట్టడం, వచ్చిన ఫలితానికి మళ్లీ పేరు కట్టడం. మొత్తం కూడితే 900 రావలసిన చోట 500 వచ్చిందంటే సొమ్ము పోలేదు, పేరు తప్పు చోట చూస్తోంది. కానీ నివేదిక చదివేవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వారికి కనిపించేది తగ్గిన అంకె ఒక్కటే.

ఆరో ప్రశ్న: ఏ సమాచారానికి ఏ పాత్ర?

నీళ్లకు బిందె, బియ్యానికి డబ్బా అన్నట్టు సమాచారానికి కూడా తగిన పాత్ర కావాలి. ముఖ్యమైనవి మూడు చూద్దాం.

మొదటిది జతల జాబితా. ఊరు, మొత్తం జతలుగా ఉంటాయి. అసోక్ ఆదేశంతో వెతుకుతాం. ముందునుంచి వెతికి మొదట దొరికిన జతను ఇస్తుంది. కాబట్టి అదే ఊరికి కొత్త జతను ముందు చేరిస్తే కొత్తదే జవాబుగా వస్తుంది, పాతది వెనక ఉండిపోతుంది. పది ఇరవై పద్దులకు ఇది చక్కగా సరిపోతుంది. పద్దులు వేలల్లో ఉంటే వెతకడం నెమ్మదిస్తుంది.

రెండోది హాష్ పట్టిక. ఎన్ని పద్దులున్నా దాదాపు ఒకే వేగంతో వెతుకుతుంది. ఇక్కడ తెలియక చేసే పొరపాటు ఒకటుంది. పట్టికను ఊరికే తయారు చేస్తే అది ఈక్యూఎల్ అనే పోలికను వాడుతుంది. అక్షరాలు ఒకటే అయినా, వేర్వేరుగా పుట్టిన రెండు పదాలను ఆ పోలిక వేర్వేరు వస్తువులుగా చూస్తుంది. "కర్నూలు" పేరుతో దాచి, మళ్లీ "కర్నూలు" అని అడిగితే దొరకలేదని చెప్పవచ్చు. అక్షరాలను పోల్చి చూడమని ముందే చెప్పాలి.

(డెఫ్‌వార్ *పట్టిక* (మేక్-హాష్-టేబుల్ :టెస్ట్ 'ఈక్వల్))
(ఇంక్ఫ్ (గెట్‌హాష్ "కర్నూలు" *పట్టిక* 0) 3000)

రెండో వరుస అర్థం: కర్నూలు కింద ఉన్నదానికి 3000 కలుపు, ఏమీ లేకపోతే సున్నాతో మొదలుపెట్టు. ఊళ్లవారీ మొత్తాలకు ఈ ఒక్క వరుస చాలు. అయితే యంత్రానికి "కర్నూలు" వేరు, "కర్నూల్" వేరు. చివర ఖాళీ ఉన్న "కర్నూలు " మరొకటి. ఎక్కించేముందే పేర్లను ఒకే తీరుకు తేవాలి. ఖాళీలను తీసేయడానికి స్ట్రింగ్-ట్రిమ్ ఉంది. మన కంటికి మూడు అక్షరాలుగా కనిపించే "గుంటూరు"ను ఎస్‌బీసీఎల్ ఏడు గుర్తులుగా లెక్కిస్తుంది. గుణింతం గుర్తులు, సున్నా కూడా దానికి విడి విడి గుర్తులే. పొడవును బట్టి పేర్లను కత్తిరించే ప్రోగ్రామ్‌లు రాసేవారు ఇది గమనించాలి.

మూడోది స్ట్రక్ట్, అంటే మనం గీసుకున్న ఫారం.

(డెఫ్‌స్ట్రక్ట్ రసీదు సంఖ్య ఊరు మొత్తం తేదీ)
(డెఫ్‌వార్ *ర* (మేక్-రసీదు :సంఖ్య 101 :ఊరు "కర్నూలు" :మొత్తం 3000))
(రసీదు-మొత్తం *ర*) → 3000

ఒక్క వరుసతో ఫారం, దాన్ని నింపే ఆదేశం, ప్రతి గడినీ చదివే ఆదేశం తయారవుతాయి. మూడో గడి ఏమిటో గుర్తు పెట్టుకోనక్కరలేదు, పేరుతోనే అడగవచ్చు. రసీదుల వంటి వాటికి ఇదే తగిన పాత్ర.

ఏడో ప్రశ్న: సున్నా, లేదు – రెండూ ఒకటేనా?

కావు. గెట్‌హాష్ ఆదేశం ఒక్క జవాబు కాదు, రెండు ఇస్తుంది. మొదటిది విలువ. రెండోది ఆ పేరు పట్టికలో ఉందా లేదా అనే సంగతి. ఉంటే ‘టీ’, లేకపోతే ‘నిల్’.

(సెట్ఫ్ (గెట్‌హాష్ "నెల్లూరు" *పట్టిక*) 0)
(గెట్‌హాష్ "నెల్లూరు" *పట్టిక*) → 0, టీ
(గెట్‌హాష్ "కడప" *పట్టిక*) → నిల్, నిల్

నెల్లూరు నుంచి లెక్క వచ్చింది, జమ ఏమీ లేదు. కడప నుంచి లెక్కే రాలేదు. రెండూ వేర్వేరు సంగతులు. రుసుము కోసం దరఖాస్తు పెట్టుకున్న పిల్లవాడి పేరు దగ్గర సున్నా ఉంటే ‘పరిశీలించాం, ఇవ్వలేదు’ అని అర్థం. పేరే లేకపోతే దరఖాస్తు ఇంకా ఎవరి చేతిలోనూ పడలేదని అర్థం. ఈ రెండింటినీ కలిపి సున్నాగా అచ్చు వేసే ప్రోగ్రామ్ వల్ల ఆ పిల్లవాడి దరఖాస్తును ఎవరూ వెతకరు. అంతా పరిశీలించారనే అనుకుంటారు. మొత్తం కూడేటప్పుడు సున్నాతో మొదలుపెట్టడం మంచిదే. నివేదిక రాసేటప్పుడు మాత్రం రెండో జవాబును కూడా చూసి తీరాలి. అందుకు మల్టిపుల్-వాల్యూ-బైండ్ అనే ఆదేశం ఉంది. అది రెండు జవాబులకూ చెరో పేరు కడుతుంది.

ఎనిమిదో ప్రశ్న: డబ్బును ఏ రకం అంకెగా దాచాలి?

లిస్ప్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు, యంత్రం జ్ఞాపకశక్తి ఉన్నంత పెద్దవి రాయవచ్చు. భిన్నాలను భిన్నాలుగానే ఉంచుతుంది.

(/ 1000 3) → 1000/3
(* 3 (/ 1000 3)) → 1000

వెయ్యి రూపాయలను ముగ్గురికి పంచి మళ్లీ కూడితే వెయ్యే వస్తుంది. జకాత్ లెక్కలో వచ్చే నలభయ్యో వంతును కూడా 1/40 అని నేరుగా రాయవచ్చు.

(* 85000 1/40) → 2125
(* 85050 1/40) → 8505/4

రెండోది 2126 రూపాయల 25 పైసలు. చుక్క పెట్టి రాసే దశాంశ అంకెలతో మాత్రం జాగ్రత్త. యంత్రం వాటిని సుమారుగా దాచుకుంటుంది. లిస్ప్‌లో మామూలుగా రాసిన దశాంశ సంఖ్య పొట్టి రకంగా చదవబడుతుంది. సాధారణంగా వాడే వ్యవస్థల్లో దాని పరిమితి ఇలా కనిపిస్తుంది.

(= (+ 16777216.0 1.0) 16777216.0) → టీ

1,67,77,216 రూపాయలకు ఒక రూపాయి కలిపినా మొత్తం మారలేదని యంత్రం అంటోంది. ఆ రూపాయి ఎవరూ తీసుకోలేదు, దాచడానికి చోటు చాలలేదు. కాబట్టి నియమం ఇది: డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచాలి. అచ్చు వేసేటప్పుడు మాత్రమే రూపాయలుగా చూపాలి.

తొమ్మిదో ప్రశ్న: కరెంటు పోతే?

ఇంతవరకు చెప్పిన పేర్లు, గూళ్లు, పట్టికలు అన్నీ యంత్రం నడుస్తున్నంతసేపు ఉండేవే. ఏ పేరూ చూపించని గూళ్లను యంత్రమే ఊడ్చి తిరిగి వాడుకుంటుంది. ఈ ఏర్పాటును మొదట తెచ్చింది లిస్పే. ప్రోగ్రామ్ ఆగితే పేర్లున్న గూళ్లు కూడా పోతాయి. నిలవాలంటే ఫైలులో రాయాలి.

(విత్-ఓపెన్-ఫైల్ (ద "జమ-కొత్తది" :డైరెక్షన్ :అవుట్‌పుట్ :ఇఫ్-ఎగ్జిస్ట్స్ :సూపర్‌సీడ్)
  (ప్రింట్ *జమలు* ద))

ఇక్కడ *జమలు* మన జతల జాబితా. ఈ ఆదేశం ఫైలు తెరిచి, రాసి, మధ్యలో తప్పు వచ్చినా మూసి మరీ వెళుతుంది. నాలుగు సంగతులు గమనించాలి.

ఒకటి, రాయడానికి ప్రింట్ వాడాలి, ప్రిన్స్ కాదు. ప్రిన్స్ మనుషులు చదవడానికి రాస్తుంది, పదాల చుట్టూ కోట్ గుర్తులు పెట్టదు. తిరిగి చదివేటప్పుడు "కర్నూలు" పదంగా కాక చలరాశి పేరుగా చదవబడుతుంది.

రెండు, హాష్ పట్టికను నేరుగా ప్రింట్ చేస్తే సాధారణంగా లోపలి పద్దులు రావు, పట్టిక అనే గుర్తు మాత్రమే వస్తుంది. దాన్ని తిరిగి చదవలేం. ముందు జతల జాబితాగా మార్చాలి.

(లెట్ ((జాబితా నిల్))
  (మ్యాప్‌హాష్ (లాంబ్డా (ఊరు మొత్తం) (పుష్ (కాన్స్ ఊరు మొత్తం) జాబితా)) *పట్టిక*)
  జాబితా)

మూడు, పాత ఫైలు మీద నేరుగా రాయవద్దు. రాస్తుండగా కరెంటు పోతే పాతదీ కొత్తదీ రెండూ లేకుండా పోవచ్చు. కొత్త పేరుతో రాసి, తిరిగి చదివి, మొత్తం సరిపోయిందని చూసుకున్నాకే పేరు మార్చాలి. తేదీ పేరుతో ఒక ప్రతిని వేరే చోట ఉంచాలి.

నాలుగు, చదివేటప్పుడు జాగ్రత్త. లిస్ప్‌లో ఫైలు చదువుతుండగానే అందులోని ఆదేశాన్ని నడిపించే వీలుంది. ఎవరో పంపిన ఫైలులో హాని చేసే ఆదేశం ఉంటే? ఆ వీలును మూసేసి చదవాలి. రెండో ప్రశ్నలో చెప్పిన లెట్ సౌకర్యం ఇక్కడ పనికొస్తుంది.

(విత్-ఓపెన్-ఫైల్ (ద "జమ-కొత్తది")
  (లెట్ ((*రీడ్-ఈవల్* నిల్))
    (సెట్ఫ్ *జమలు* (రీడ్ ద))))

చదవడం ముగియగానే *రీడ్-ఈవల్* పాత విలువ తిరిగి వస్తుంది.

అభ్యాసం

ఇంట్లో కంప్యూటర్ నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే ఈ నాలుగింటినీ వారిచేత చేయించండి.

1. ఐదు ఊళ్ల జాబితాకు రెండు పేర్లు కట్టి, ఒకసారి సెట్ఫ్‌తో, ఒకసారి పుష్‌తో మార్చండి. ఏ పేరు కింద ఏమి మారిందో గూళ్ల బొమ్మ గీసి చూపండి.

2. హాష్ పట్టికను ఈక్వల్ పోలికతో ఒకసారి, అది లేకుండా ఒకసారి తయారు చేసి, ఒకే ఊరి పేరును రెండింటిలోనూ వెతకండి.

3. ఏడుగురికి 10,000 రూపాయలు సమానంగా పంచండి. పైసల్లో పూర్ణాంకంగా లెక్కిస్తే ఎన్ని పైసలు మిగులుతాయో చెప్పండి. ఫ్లోర్ అనే ఆదేశం భాగఫలాన్నీ శేషాన్నీ రెండింటినీ ఇస్తుంది. జవాబు: ఒక్కొక్కరికి 1,42,857 పైసలు, మిగిలేది ఒక పైసా.

4. జాబితాను ఫైలులో రాసి, ప్రోగ్రామ్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ తెరిచి చదవండి. ముందు మొత్తం, తర్వాత మొత్తం సరిపోయాయా?

లెక్క చూపించమని అడగడం దాత హక్కు. ఈసారి ఏ సంఘం లెక్క చూసినా, మొత్తంతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. సున్నా ఉన్న చోట నిజంగా సున్నాయేనా, లేక లెక్క రాలేదా? డబ్బును పూర్ణాంకంగా దాస్తున్నారా? నిన్నటి ప్రతి ఎక్కడ ఉంది? జవాబు చెప్పడానికి లెక్క రాసేవారికి లిస్ప్ వచ్చి ఉండనక్కరలేదు. ఏ భాషలో రాసిన ప్రోగ్రామ్ వాడుతున్నా ఈ మూడింటికీ జవాబు వారి దగ్గర సిద్ధంగా ఉండాలి.